లెక్కకు ముందు కథ

లీలాకుమారి టీచర్‌ను మోసం చెయ్యడం చాలా తేలిక. కడుపునొప్పి అన్న ప్రతి పిల్లవాణ్నీ నమ్ముతుంది. ‘రంగు దిగితే తెచ్చి నా ముఖాన కొట్టండమ్మా’ అని చీర అంటగట్టిన అమీర్‌పేట ఫుట్‌పాత్ వ్యాపారిని నమ్ముతుంది. బకెట్ నీళ్లన్నీ ఎర్రబడ్డాక కూడా, ‘పాపం, ఆయనకు సుత తెల్వదేమో’ అంటుంది. ఇలాంటి మనిషిని మోసం చెయ్యడానికి తెలివితేటలు అక్కర్లేదు. మనసెలా ఒప్పిందన్నదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను, కాబట్టి నా మాటల్లో కారం కాస్త ఎక్కువైతే మీరే సర్దుకోవాలి.

నా పేరు నాగేశ్వరి. పంజాగుట్ట మెయిన్‌రోడ్డు వెనక సందులో ఒక ప్రైవేటు స్కూలుంది. అపార్ట్‌మెంట్ కడదామని మొదలుపెట్టి మధ్యలో మనసు మార్చుకున్నట్టుంటుంది ఆ బిల్డింగు. అందులో నేను తెలుగు చెబుతాను. లీలాకుమారి మూడు, నాలుగు తరగతులకు లెక్కలు చెబుతుంది. స్టాఫ్‌రూమ్‌లో మా కుర్చీలు పక్కపక్కనే. నేను కాకినాడ వైపు నుంచి కాపురానికి వచ్చినదాన్ని, ఆమె సనత్‌నగర్‌లో పుట్టి పెరిగినది. నా ఆవకాయ ఆమెకు కారం, ఆమె పచ్చిపులుసు నాకు పులుపు. అయినా రోజూ మార్చుకు తింటాం.

ఆమె తండ్రి కృపావరం గారు సనత్‌నగర్‌లో బోల్టులు చేసే వర్క్‌షాపులో పనిచేసేవాడు. ఆదివారం చర్చిలో పాటలు పాడేవాడు. చిన్నప్పుడు లీలకు సండే స్కూల్లో గొప్ప పేరుండేదట. కంఠస్థ వాక్యాల పోటీ పెడితే చాలు, ప్రైజు ఆమెదే. అధ్యాయాలకు అధ్యాయాలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. అదే అలవాటుతో బడిలో లెక్కల గైడు కూడా కంఠస్థం చేసేసింది. వ్యాపారి మామిడిపండ్లు కొనడం దగ్గర్నుంచి లాభం శాతం దాకా అక్షరం పొల్లుపోకుండా వచ్చు. పరీక్షలో వ్యాపారి మామిడిపండ్లు మానేసి నిమ్మకాయలు కొన్నాడు. అంకెలూ మారాయి. లీల మాత్రం తనకొచ్చిన మామిడిపండ్ల లెక్కనే మొదటినుంచి చివరిదాకా ముచ్చటగా రాసి వచ్చింది. సారు ఆ పేపరును క్లాసులో చదివి వినిపించాడు. పిల్లలు బల్లల మీద పడి నవ్వారట.

“వాక్యం కంఠస్థం చేస్తే దేవుడు ఎప్పుడో ఒకప్పుడు దాని అర్థం చెప్తడు నాగేశ్వరి గారు. లెక్క కంఠస్థం చేస్తే ఎవ్వరు చెప్పరు,” అనేది నాతో.

ఆ నవ్వుల్లోంచే ఆమె పద్ధతి పుట్టింది. ఆమె క్లాసులో లెక్క ఇవ్వగానే ఎవరూ పెన్సిల్ ముట్టకూడదు. పుస్తకంలో లెక్క ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని చదివి, పుస్తకం మూసి, ఇంట్లో అమ్మతో ఏ భాష మాట్లాడతారో ఆ భాషలో కథగా చెప్పాలి. ఎవరున్నారు, ఏం జరిగింది, మనకు తెలియనిదేమిటి? కథ సరిగ్గా వచ్చాకే పెన్సిల్. పిల్లలు దానికి ‘కథ పీరియడ్’ అని పేరు పెట్టుకున్నారు.

ఓసారి నాకు క్లాసు లేక వెళ్లి ఆమె గదిలో వెనక బెంచీలో కూర్చున్నాను. సంహిత దగ్గర పన్నెండు జామకాయలున్నాయి, అవి తారక్ దగ్గరున్న వాటికంటే ఐదు ఎక్కువ, మరి తారక్ దగ్గర ఎన్ని? ఇదీ లెక్క. ‘ఎక్కువ’ అన్న మాట వినపడగానే పిల్లలందరూ ఐదు కలిపేసి “సెవెంటీన్!” అని అరిచారు. ట్యూషన్లలో అలాగే నేర్పుతారు మరి. ఎక్కువ అంటే కూడు, మిగిలింది అంటే తీసెయ్, కథాకమామీషు మనకెందుకు!

లీలాకుమారి కళ్లు పెద్దవి చేసి, “అట్లనా? తారక్ దగ్గర పదిహేడుంటే, పన్నెండే ఉన్న సంహిత ఎందుకు అంత ఫోజులు కొడుతున్నది?” అంది.

ఓ పిల్ల నెత్తి కొట్టుకుని, “అరె, కాదు కాదు! ఏడు!” అంది. ఆ క్లాసులో ఇంకో ఆచారముంది. తన తప్పు తానే పట్టుకున్నవాళ్లకోసం అందరూ బల్లల మీద దరువెయ్యాలి. మొదటిసారే జవాబు చెప్పినవాళ్లకు ఏమీ లేదు, తప్పు పట్టుకున్నవాళ్లకే దరువు. ఆ మోతకు కింద ఆఫీసులోంచి ప్యూన్ పరిగెత్తుకొచ్చేవాడు.

ఈ పద్ధతికి తిరుగులేని రుజువుగా ఆమె చెప్పుకునే పేరు ఒకటుంది. భావన. ఒకప్పుడు ఆమె క్లాసులో చదివిన పిల్ల. రిబ్బన్‌ను ఆరు ముక్కలు చెయ్యాలంటే ఎన్నిసార్లు కత్తిరించాలని అడిగితే, ఆరుసార్లని చెప్పి, ఉన్నట్టుండి ఆగి, జడకున్న రిబ్బన్ విప్పి చేత్తో మడతలు పెట్టి చూసుకుని, “అరె టీచర్, ఐదే!” అందట. ఈ కథ నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. కొత్తగా ఏ టీచరొచ్చినా, ఏ తల్లిదండ్రులు సందేహపడినా, లీలాకుమారి ఈ కథే చెప్పేది. చెప్పేటప్పుడు తన జడ చివర తడుముకునేది కూడా. ఆ భావన డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం కోసం తిరుగుతుంటే, కరస్పాండెంట్ రఘురామ్ గారి దగ్గర కూర్చుని, “నాకంటె బాగ చెప్తది సార్,” అని పట్టుబట్టి మా స్కూల్లోనే వేయించింది. అప్పట్నుంచి స్టాఫ్‌రూమ్‌లో మూడో కుర్చీ భావనది.

భావన మంచిపిల్లే. ఆ మాట ఒప్పుకోకపోతే నేను అబద్ధం చెప్పినదాన్నవుతాను. లీలాకుమారికి జ్వరమొస్తే సనత్‌నగర్ దాకా వెళ్లి జావ కాచి పెట్టి వచ్చేది. వాళ్లన్న నరేశ్ అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో ఇంటర్వ్యూలకు తయారుచేస్తాడు. మెట్రో స్టేషన్ దిగి రెండడుగులు వేస్తే చేతిలో ఎవరో ఒకరు కాగితం పెడతారే, కోర్సు, ఫ్రీ డెమో, ఉద్యోగం గ్యారంటీ అని, అలాంటి చోటన్నమాట. మా అమీర్‌పేటలో నేర్పని విద్య లేదు. ఉద్యోగం చెయ్యడం ఎలాగో తెలియకపోయినా, ఉద్యోగం చేసినవాడిలా మాట్లాడటం మాత్రం బ్రహ్మాండంగా నేర్పుతారు.

మొన్న ఫిబ్రవరిలో ఒక కంపెనీవాళ్లు ట్యాబ్‌లు పట్టుకుని మా స్కూలుకొచ్చారు. స్పీడ్ మ్యాథ్స్ అట. తెర మీద లెక్క వస్తుంది, గంట మోగేలోపు వేలితో జవాబు నొక్కాలి. రఘురామ్ గారికి తెగ నచ్చేసింది. లీలాకుమారిని పిలిచి, వచ్చే ఏడాది నుంచి కథ పీరియడ్ తీసేసి ఆ టైము వాళ్లకిద్దామనుకుంటున్నానన్నాడు.

“అసలు పేరెంట్స్ ఏమంటున్నారో తెలుసా మేడమ్? ఇంగ్లీష్ మీడియంలో వేస్తే పిల్లలు తెలుగులో కథలు చెప్పుకుంటున్నారేంటి అంటున్నారు. నేనేం చెప్పను వాళ్లకి?”

“ఒక్కసారి వాళ్ల ముందర క్లాసు చెప్పనియ్యండి సార్. చూసినంక మీ ఇష్టం,” అంది లీలాకుమారి.

ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నాడు. కానీ మెలిక పెట్టాడు. “బాగా చదివే పిల్లల్ని ఎవరైనా నిలబెడతారు మేడమ్. అందరికంటే వెనకబడ్డవాణ్ని పిలవండి. వాడు చెయ్యగలిగితే మీ పీరియడ్ ఉంటుంది.”

వెనకబడ్డవాడంటే అందరికీ చింటూయే. రిజిస్టర్‌లో అనుదీప్. వాళ్లమ్మ అమీర్‌పేట హాస్టల్లో వంట చేస్తుంది. వాడికి అంకెలంటే భయం, మనుషులంటే మాత్రం ఇష్టం. లెక్కలో ఎవరైనా సరుకు కొంటే ‘వాళ్లింట్ల ఎవరున్నరు టీచర్?’ అని అడిగేరకం. ఆ ఏడాదంతా లీలాకుమారి వాడి కథలు ఓపిగ్గా విన్నది. ఈమధ్యే వాడు దారిలో పడుతున్నాడని నాతో చెప్పేది.

“వాడైతే మరీ రిస్కు కదండీ,” అన్నాను నేను.

“రిస్కు ఏముంది? కథ చెప్తే వాడికి దొరుకుతది. జర టైమియ్యాలె, అంతే,” అంది.

ముందురోజు ఆమె కొత్త లెక్క ఒకటి తయారుచేసింది. చింటూ కాదు కదా, ఎవరూ ఎక్కడా చూడని లెక్క. తన అక్షరాలు కోడి గీసినట్టుంటాయని, భావన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని, దాన్ని చార్ట్ మీద రాసే పని భావనకిచ్చింది. “చుట్టి రబ్బర్‌బ్యాండ్ వెయ్యి బిడ్డా, రేపు అందరి ముందర్నే తీద్దాం,” అంది. ఆ లెక్క చూసింది వాళ్లిద్దరూ, పక్కనున్న నేనూ.

శనివారం పొద్దున్న సెల్లార్‌లో కుర్చీలు వేశారు. తల్లిదండ్రులు బాగానే వచ్చారు. కంపెనీ కుర్రాళ్లు కూడా ట్యాబ్‌లు ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నారు. చింటూ వాళ్లమ్మ వంటింట్లోంచి నేరుగా వచ్చినట్టుంది, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ చివర్లో నిలబడింది. నాలుగో తరగతి పిల్లలు ఒక పక్క బెంచీల మీద, ఎదురుగా మూడో వరసలో భావన. లీలాకుమారి చార్ట్ విప్పి, చింటూను పిలిచి చదవమంది. వాడు కూడబలుక్కుంటూ ఇంగ్లీషు చదివాడు. తర్వాత జనం వైపు తిరిగి కథ మొదలుపెట్టాడు.

“మెట్రో వచ్చింది. లోపల కొంతమంది ఉన్నరు. ఎంతమందో మనకు తెల్వదు. అమీర్‌పేటల పద్దెనిమిది మంది దిగిండ్రు. ఇరవై ఐదు మంది ఎక్కిండ్రు. డోర్ బంద్ అయింది. ఇప్పుడు లోపల అరవై మంది ఉన్నరు. అమీర్‌పేట రాకముందు ఎంతమంది ఉండెనో మనం చెప్పాలె.”

కథ శుభ్రంగా వచ్చింది. లీలాకుమారి వాడికి చాక్‌పీస్ అందించి వచ్చి నా పక్కన కూర్చుంది. వాడు బోర్డు వైపు చూశాడు. పెదాలు కదులుతున్నాయి. అంతలో వాడి ముఖం విప్పారింది.

“దిగినోళ్ల కన్న ఎక్కినోళ్లు ఏడుగురు ఎక్కువ! అంటే లోపల ఏడుగురు పెరిగిండ్రు. ముందుగాల యాభై మూడు ఉండె!” అని బోర్డు మీద పెద్దగా 53 అని రాశాడు.

లీలాకుమారి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. “ఈ దారి నేను అనుకోనే లేదు నాగేశ్వరి గారు. నేను వెనకకు పోయి చేస్తడనుకున్న. వీడు ఏడుగురిని పట్టుకున్నడు చూడండి,” అంది. ఆమె కళ్లల్లో నీళ్లు. ఏడాదంతా పడ్డ కష్టం ఒక్క నిమిషంలో పండితే ఎవరికైనా అంతే కదా.

అప్పుడు చింటూ జనంలోకి చూశాడు. వాడి చూపు మూడో వరసలో ఆగింది. ముఖంలో వెలుగు ఆరిపోయింది.

“అరె, కాదు కాదు,” అని గబగబా 53 చెరిపేశాడు.

తర్వాత జరిగింది నేను ఎప్పటికీ మర్చిపోను. వాడు అరవైలోంచి పద్దెనిమిది తీసేశాడు. నలభై రెండు. దానికి ఇరవై ఐదు కలిపాడు. అరవై ఏడు. ఆగాడు. గడ్డం మీద వేలు పెట్టుకున్నాడు. కప్పు వైపు చూశాడు. తలగోక్కున్నాడు. “అరె! ఇక్కడ నేను తప్పు చేసిన. మనం వెనకకు పోవాలె. ఎక్కినోళ్లను దించాలె, దిగినోళ్లను ఎక్కియ్యాలె,” అని అప్పజెప్పినట్టు చెప్పి, అరవైలోంచి ఇరవై ఐదు తీసి, పద్దెనిమిది కలిపి, మళ్లీ 53 రాశాడు. ఈసారి అంకెలు చిన్నగా, వంకరగా వచ్చాయి.

పిల్లలు బల్లలు మోగించారు. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. రఘురామ్ గారు లేచి నిలబడి మరీ కొట్టాడు. వాళ్లకు కనపడింది ఒక్కటే, బడుద్ధాయి అనుకున్న పిల్లవాడు తన తప్పు తానే దిద్దుకున్నాడు. మొదటి 53ను ఎవరూ పట్టించుకోలేదు. కంగారులో ఏదో రాసి చెరిపేశాడనుకున్నారు. లీలాకుమారి చెయ్యి మాత్రం నా మణికట్టు వదిలేసింది.

చింటూ బోర్డు దగ్గర్నుంచి సరాసరి ఆమె దగ్గరికొచ్చాడు. ఏడవబోతున్నాడు. “టీచర్, తప్పు చేసుడు మర్చిపోయిన. మల్ల చేసిన గదా? భావన టీచర్‌కు చెప్పొద్దు టీచర్, ప్లీజ్,” అన్నాడు.

ఆమె వాడి తల నిమిరి, “చెప్పను నాయనా, అమ్మ దగ్గరికి పో,” అంది. ఆ తల్లి అప్పటికే కొడుకును ముద్దులతో ముంచెత్తడానికి చేతులు చాచి ఉంది.

స్టాఫ్‌రూమ్‌లోకి రాగానే భావన పరుగున వచ్చి లీలాకుమారిని కావలించుకుంది. “మన పీరియడ్ ఉన్నట్టే టీచర్! సార్ మస్తు ఖుషీ ఉన్నడు!”

లీలాకుమారి ఆ చేతులు నెమ్మదిగా విడిపించుకుంది. “చింటుకు ఎప్పుడు చెప్పినవు?” అంది.

భావన నా వైపు చూసింది. నేనేం సాయం చేస్తాను? తలుపు దగ్గరికి వేసి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. దాచడానికి లేదని అర్థమయ్యాక భావన గడగడా చెప్పేసింది. నిన్న సాయంత్రం చార్ట్ రాశాక చింటూను వాళ్లమ్మ పనిచేసే హాస్టల్ నుంచి తీసుకెళ్లి తన ఇంట్లో కూర్చోబెట్టుకుంది. జవాబొక్కటే కాదు, తప్పు కూడా నేర్పింది. ఎక్కడ తప్పు చెయ్యాలి, ఎక్కడ ఆగాలి, ఎటు చూడాలి, ‘అరె’ ఎప్పుడు అనాలి, అన్నీ. వాళ్లన్న నరేశ్ ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లకు చెప్పేదే. తెలిసిన ప్రశ్నకు కూడా వెంటనే జవాబు చెప్పకూడదు, కాస్త ఆగి పైకి చూడాలి, అప్పుడు ఎదుటివాళ్లు మనం ఆలోచిస్తున్నామనుకుంటారు.

“మీకోసమే చేసిన టీచర్. వాడు అక్కడ నిలబడి నోరు తెరవకుంటే ఏమయ్యేది? మీ పీరియడ్ పోయేది.”

“వాడు నోరు తెరిచిండు భావనా. నువ్వు చెప్పని దారిల చేసిండు. నిన్ను చూసి భయపడి చేత్తోని తుడిచేసుకున్నడు.”

“వాడికి అట్ల వస్తదని నాకెట్ల తెలుస్తది టీచర్?”

“నీకొచ్చింది గదా బిడ్డా. నీకొచ్చినట్టే వాడికొస్తది. గంత మాత్రం నమ్మకం లేకపాయెనా?”

భావన తలవంచుకుంది. మాట్లాడకుండా అలాగే ఉండిపోయినా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. నిజం చెప్పడం మంచిదని పిల్లలకు పాఠాలు చెబుతాం కానీ, కొన్ని నిజాలు చెప్పినవాళ్ల బరువు దించి విన్నవాళ్ల నెత్తిన పెడతాయి.

“నాకు ఎన్నడు రాలే టీచర్,” అంది.

“ఏంది?”

“మీ క్లాసుల. నాకు ఎన్నడు రాలే. రేపటి లెక్కలు మీరు ముందే టెక్స్ట్‌బుక్కుల గుర్తు పెట్టిచ్చేటోళ్లు గదా. నరేశ్ అన్న ఇంటికాడ చేసి చెప్పేటోడు. మొదలు తప్పు చెప్పు, జరసేపు ఆగు, తర్వాత కరెక్ట్ చెప్పు, మీ టీచర్‌కు గట్లనే ఇష్టం అనేటోడు. నేను గట్లనే చేసేదాన్ని.”

లీలాకుమారి కుర్చీ వీపు పట్టుకుంది. “రిబ్బన్ సుత?”

“జడ విప్పమని అన్ననే చెప్పిండు.”

నాకు ఒళ్లు మండిపోయింది. “ఏంటమ్మా నువ్వు! ఇన్నేళ్లుగా ఆవిడ నీ పేరు చెప్పుకుని బతుకుతుంటే వింటూ కూర్చున్నావా? పక్క కుర్చీలో కూర్చుని, టీ తాగుతూ?” అని అరిచాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే.

భావన ఏడ్చింది. “టీచర్ అంత సంతోషపడుతుండె మేడమ్. అంతగా మెచ్చుకునేటోళ్లు మా ఇంట్ల సుత ఎవ్వరు లేకుండె. ఎట్ల చెప్పాలె? పెద్దగైనంక చెప్దామనుకున్న. పెద్దగైనంక ఇంక చెప్పరాలే.”

ఆ మాట అబద్ధం కాదు. అయినా నా కోపం తగ్గలేదు. లీలాకుమారి మాత్రం అరవలేదు. “నన్ను నిమ్మకాయల లెక్కల ముంచింది నేనే. తెల్వకనే ముంచుకున్న. నువ్వు తెలిసి ముంచినవు భావనా,” అని బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. ఆమెకు ద్రోహం జరిగింది ఒక్క శనివారమే కాదు. ఆ మాటతో ఆమె వెనకటి సంవత్సరాలన్నీ ఒకేసారి చేజారిపోయాయి. ఈ పద్ధతి పనికొస్తుందనడానికి ఆమె దగ్గరున్న రుజువు అదొక్కటే మరి.

నేరుగా ఇంటికి పోతుందనుకున్నాను. కానీ ఆమె పైకి, రఘురామ్ గారి గదికి వెళ్లింది. నేనూ వెంటబడ్డాను. ఆమె దాచకుండా చెప్పింది. చార్ట్ ముందే బయటపడిందని, చింటూ చేసిన తప్పు నేర్పిన తప్పని, ఈ క్లాసును లెక్కలోకి తీసుకోవద్దని.

ఆయన పకపకా నవ్వాడు. “రిహార్సల్ లేకుండా ఏ ఫంక్షన్ అవుతుంది మేడమ్? అందరూ చేయిస్తారు. ఇంత నేచురల్‌గా చేయించడం మాత్రం నేనెక్కడా చూళ్లేదు.”

“అది ఫంక్షన్ కాదు సార్. లెక్క.”

“సరేలెండి, మీ పీరియడ్ ఎక్కడికీ పోదు. పేరెంట్స్ ఫోన్లలో వీడియోలు తిరుగుతున్నాయి అప్పుడే. ఇంతకీ ఆ తయారుచేసిన అమ్మాయి ఎవరు, భావనా? పిలవండి.”

భావన వచ్చింది. ఏడ్చిన ముఖం కడుక్కుని, పౌడర్ రాసుకుని వచ్చింది. వచ్చే ఏడాది నుంచి అన్ని సెక్షన్లలోనూ ఇలాంటి డెమోలు చేయించాలని, ఆ బాధ్యత నువ్వే చూసుకోవాలని రఘురామ్ గారు చెప్పాడు. లీలాకుమారి మేడమ్ సీనియర్ కాబట్టి పైనుంచి చూస్తుంటారట. వద్దంటుందేమోనని నేను భావన నోటివైపే చూస్తున్నాను. ఇప్పటికైనా ఒక్క మాట వద్దంటే సగం పాపం కడుక్కునేది.

“టీచర్ పేరే పెడదాం సార్. లీలా మెథడ్ అని,” అంది భావన.

ఆ మాట ఆ పిల్ల భక్తితోనే అంది. అందుకే నాకు ఇంకా దారుణమనిపించింది. లీలాకుమారి ఇద్దరికీ నమస్కారం పెట్టి మెట్లు దిగింది. ఆటో ఎక్కిస్తానన్నా వినలేదు. పంజాగుట్ట ఎండలో నడుచుకుంటూ పోయింది.

సోమవారం రాదేమో అనుకున్నాను. వచ్చింది. లంచ్ టైములో డబ్బా తెరవకుండా లేచి నాలుగో తరగతి గదికి వెళితే, నేనూ రెండు డబ్బాలూ పట్టుకుని వెళ్లాను. పిల్లలందరూ కింద ఆడుకుంటున్నారు. చింటూను ఒక్కణ్నే పిలిపించి తన ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

“నాకొక్కటే తెలుసుకోవాలని ఉంది నాగేశ్వరి గారు,” అంది నాతో. “శనివారం రాసిన మొదటి యాభై మూడు వీడిదేనా కాదా? వీడిదైతే చాలు. ఇంక నాకెవ్వరి మీద కోపం లేదు.”

అప్పటికప్పుడు నోటికొచ్చిన లెక్క చెప్పింది. ఎర్రమంజిల్ ఆఫీసుల ముందు ఒక ఆంటీ సమోసాలు, మిర్చిబజ్జీలు అమ్ముతుంది. పళ్లెంలో రెండూ కలిపి ముప్పై ఉన్నాయి. బజ్జీల కంటే సమోసాలు ఆరు ఎక్కువ. బజ్జీలెన్ని?

“ఆంటీ ఒక్కతే అమ్ముతదా టీచర్?” అన్నాడు చింటూ.

“ఒక్కతే.”

వాడు కళ్లు సగం మూశాడు. వేళ్లు బల్ల మీద కదిలాయి. ఆరు పక్కన పెట్టినట్టున్నాడు, అరచేతిని ఒక వైపుకు జరిపాడు. మిగిలినదాన్ని రెండు చేతులతో రెండు వైపులా తోశాడు. ఉన్నట్టుండి కళ్లు తెరిచాడు, శనివారం బోర్డు ముందు విప్పారినట్టే ముఖం విప్పారింది. పైకి అనలేదు కానీ వాడి పెదాలు ‘పన్నెండు’ అన్నాయి. నేను స్పష్టంగా చూశాను. లీలాకుమారి కూడా చూసింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఆమె ముఖంలోకి నెత్తురొచ్చింది.

“చెప్పు నాయనా,” అంది ముందుకు వంగి.

చింటూ నోరు తెరిచి, మళ్లీ మూశాడు.

“టీచర్, తప్పు ముందు చెయ్యాల్నా?”

లీలాకుమారి జవాబు కోసం వాడు చూడటం లేదు. భావన టీచర్ వచ్చి ఎక్కడైనా నిలబడి ఉందేమోనని తలుపు వైపు చూస్తున్నాడు.